చాటు లేని పొలం, చెప్పుకోలేని జబ్బు

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల్లో నాట్లు ముమ్మరమయ్యాయంటే పొద్దు పొడవక ముందే ఆడకూలీలు ఆటోల్లో కిక్కిరిసి పొలాలకు బయలుదేరతారు. సంచిలో సద్ది గిన్నె వుంటుంది, నీళ్ల సీసా కూడా వుంటుంది. కాని సాయంత్రం ఇల్లు చేరేసరికి ఆ సీసాలో సగం నీళ్లు అలాగే మిగిలి వుంటాయి. దాహం కాక కాదు. అడిగితే వాళ్లు చెప్పే జవాబు ఒక్కటే: “తాగితే ఒంటికొస్తది. ఏడికి పోవాలె? సుట్టూ మడులే, గట్ల మీద మొగోళ్లు. పొద్దూకిందాక ఓర్సుకునుడే.”

ఈ ఓర్పుకు వాళ్లు కట్టే ఖరీదు మూత్రంలో మంట, పొత్తికడుపులో నొప్పి, ఒక్కోసారి చలిజ్వరం. తగ్గినట్టే తగ్గి మళ్లీ మళ్లీ తిరగబెట్టే ఈ జబ్బును ‘వేడి చేసింది’ అని సరిపెట్టుకోవడం, ఇంట్లో మగవాళ్లకు చెప్పుకోలేక దాచుకోవడం, ఓర్చుకోలేని రోజున మందుల షాపు నుంచి నాలుగు గోలీలు తెప్పించుకొని మింగడం – ఇదే జరుగుతూ వస్తున్నది. రైతు సమస్యలంటే విత్తనం, ఎరువు, గిట్టుబాటు ధర మాత్రమే కాదు. నాటు నుంచి కోత దాకా సేద్యపు బరువు మోసే ఆడవారి ఆరోగ్యం కూడా రైతాంగ సమస్యే. అందుకే ఈసారి ఈ విషయం తీసుకున్నాము.

వేడి కాదు, సూక్ష్మక్రిమి

మన నడుముకు పైన రెండు పక్కలా వుండే మూత్రపిండాలు రక్తాన్ని వడగట్టి మూత్రాన్ని తయారు చేస్తాయి. అది రెండు సన్నని గొట్టాల గుండా మూత్రాశయంలోకి దిగుతుంది. అక్కడ నిలవ వుండి, మూత్రనాళం ద్వారా బయటికి పోతుంది. చెరువు, తూము ఎటువంటివో ఇదీ అటువంటిదే. నీరు వచ్చిపోతున్నంత కాలం తూములో నాచు పట్టదు. పారుదల తగ్గి నీరు నిలిచిపోతే పడుతుంది. మూత్రం పారేటప్పుడు మూత్రనాళంలోకి చొరబడిన క్రిములను కడిగివేస్తుంది. నీళ్లు తక్కువ తాగి, గంటల తరబడి బిగబట్టుకున్నప్పుడు ఆ కడగడం జరగదు. క్రిములు మూత్రాశయంలో స్థిరపడి పెరుగుతాయి. ఇదే మూత్రకోశపు ఇన్ఫెక్షన్.

ఈ జబ్బు తెచ్చే క్రిముల్లో ముఖ్యమైనది ‘ఈ-కోలై’. దీన్ని 1885లో థియోడర్ ఎషెరిక్ అనే పిల్లల వైద్యుడు మొదట వర్ణించాడు. ఇది ఎక్కడి నుంచో వచ్చే క్రిమి కాదు. మనందరి పేగుల్లో ఎప్పుడూ వుండేదే, అక్కడ వున్నంత కాలం హాని చేయదు. మలద్వారం దగ్గరి నుంచి మూత్ర మార్గంలోకి పాకినప్పుడే చిక్కు వస్తుంది. బురదలో నిలబడడం వల్లనో, కాలిన బండమీద కూర్చోవడం వల్లనో ఈ జబ్బు వస్తుందనుకోవడం పొరపాటు. ఎండలో చెమట పోయి, నీళ్లు తాగక మూత్రం చిక్కబడితే కొంత చురుకు పుట్టడం నిజమే. అది నీళ్లు తాగితే ఒక పూటలో పోతుంది. పోకపోతే అది వేడి కాదు, క్రిమి పని అని తెలుసుకోవాలి.

ఆడవారికే ఎక్కువ ఎందుకు?

ఆడవారి మూత్రనాళం పొడవు దాదాపు 4 సెంటీమీటర్లే. మగవారికి దాదాపు 20 సెంటీమీటర్లు. పైగా ఆడవారికి మూత్రద్వారమూ మలద్వారమూ దగ్గర దగ్గరగా వుంటాయి. క్రిమికి దారి దగ్గర. అందువల్లనే ఆడవారిలో సగం మందికి బతుకులో ఒక్కసారైనా ఈ జబ్బు వస్తుందని వైద్యుల అంచనా. ముట్లు ఆగిపోయిన వయసులో ఆ భాగం పొడిబారి మరింత తేలికగా వస్తుంది.

భార్యాభర్తల కలయిక తర్వాత కూడా ఇది రావచ్చు, ఎందుకంటే అప్పుడు క్రిములు లోపలికి నెట్టబడతాయి. అంత మాత్రాన ఇది సుఖవ్యాధి కాదు. ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది కాదు. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్లకు మంట వచ్చిందంటే అత్తగారింట అనుమానంగా చూసేవారు ఇంకా వున్నారు. ఈ అనుమానానికి భయపడే ఎందరో ఆడపిల్లలు జ్వరం వచ్చేదాకా నోరు విప్పరు. జలుబుకు నడవడితో ఎంత సంబంధమో దీనికీ అంతే.

గుత్త పని, వెయ్యి బీడీలు

నిజాంసాగర్, పోచారం కాలువల కింద గాని, బోర్ల కింద గాని నాట్లు ఇప్పుడు చాలాచోట్ల గుత్తకే సాగుతున్నాయి. ఎకరానికి ఇంత అని మాట్లాడుకొని ఒక జట్టు దిగుతుంది. ఎంత తొందరగా ముగిస్తే అంత కూలి. జట్టులో ఒకామె అరగంట పక్కకు పోతే ఆమె సాలు మిగతావాళ్లు వేయాలి. దూరంగా వున్న తుమ్మచెట్ల దాకా పోయి రావడమంటే తోటి కూలీల కూలికి కోత పెట్టడమే. అందుకే ఎవరూ కదలరు. మక్కచేను ఎదిగిన రోజుల్లో కొంత చాటు వుంటుంది. వరి మడుల్లో అదీ లేదు.

బీడీలు చుట్టే ఆడవారి సంగతి వేరుగా కనిపించినా సారం ఒకటే. కామారెడ్డి, దోమకొండ, భిక్కనూరు వైపు వూళ్లలో ఇంటి అరుగు మీదనే చాట ఒళ్లో పెట్టుకొని కూర్చుంటారు. ఇంట్లో మరుగుదొడ్డి వున్నా లేవరు. వెయ్యికి ఇంత అని లెక్కగట్టే పనిలో లేచిన ప్రతిసారీ లెక్క తగ్గుతుంది. ఒకచోట చాటు లేదు, మరొకచోట తీరిక లేదు. రెండుచోట్లా నష్టపోతున్నది మూత్రాశయమే.

గుర్తులు ఎట్లా తెలుస్తాయి?

మూత్రం పోసేటప్పుడు మంట, మాటిమాటికీ వచ్చినట్టు వుండి నాలుగు చుక్కలే రావడం, ఆపుకోలేకపోవడం, పొత్తికడుపులో నొప్పి, మూత్రం మసకగా వుండి వాసన రావడం, ఒక్కోసారి రక్తపు చాయ – ఇవి మూత్రాశయం వరకే పరిమితమైన జబ్బు గుర్తులు. ఈ దశలో వైద్యం తేలిక.

క్రిములు పైకి పాకి మూత్రపిండాలను చేరితే చలితో వణుకుపుట్టి జ్వరం వస్తుంది. నడుముకు పైన, పక్కటెముకల కింద ఒక పక్కనో రెండు పక్కలనో నొప్పి పుడుతుంది. వాంతులవుతాయి. దీన్ని మలేరియా అనో, నాటు వంగి వేసిన నడుము నొప్పి అనో అనుకొని ఆలస్యం చేస్తే క్రిములు రక్తంలో కలిసి ప్రాణం మీదికి వస్తుంది. చలిజ్వరం, వాంతులు, పక్కనొప్పి కలిసి వస్తే తెల్లవారేదాకా ఆగకుండా పెద్దాసుపత్రికి పోవాల్సిందే.

మంట వున్న ప్రతిదీ ఈ జబ్బు కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. తెల్లబట్ట, దురద వుండి మంట వస్తే అది వేరే ఇన్ఫెక్షన్, దాని మందు వేరు. నడుము నుంచి గజ్జల్లోకి మెలిపెట్టినట్టు నొప్పి దిగితే రాయి కావచ్చు. దుబాయి, సౌదీ ఎండల్లో పనిచేసి వచ్చిన మన మగపిల్లల్లో రాళ్ల జబ్బు రావడానికి నీళ్లు చాలకపోవడమే ఒక ముఖ్య కారణం. ఇక బీడీ, సిగరెట్ అలవాటున్నవారికి మంట, నొప్పి లేకుండా మూత్రం ఎర్రగా వస్తే అసలే ఉపేక్షించరాదు. పొగాకు మూత్రాశయ కాన్సర్‌కు పెద్ద కారణం. ఒక్కసారి కనబడి ఆగిపోయినా పరీక్ష చేయించుకోవాలి.

పరీక్షకు మూత్రం పట్టే పద్ధతి

పరీక్ష సరిగా తేలాలంటే మూత్రం సరిగా పట్టాలి. ముందు ఆ భాగాన్ని నీళ్లతో శుభ్రంగా కడుక్కోవాలి. మొదటి ధారను వదిలేసి, మధ్య ధారను ఆసుపత్రివారు ఇచ్చిన శుభ్రమైన డబ్బాలో పట్టాలి. ఇంట్లోని మందు సీసాలూ, పచ్చడి డబ్బాలూ పనికిరావు. పట్టిన రెండు గంటల లోపల ప్రయోగశాలకు చేరాలి. ఎండలో బస్సుమీద సాయంత్రం దాకా తిరిగిన మూత్రంలో క్రిములు వాటంతటవే పెరిగి లెక్క తప్పుతుంది.

మామూలు పరీక్షలో చీముకణాలు వున్నాయో లేవో తెలుస్తుంది. ‘కల్చర్’ పరీక్షలో ఏ క్రిమి వుంది, ఏ మందుకు లొంగుతుంది అన్నది తేలుతుంది. దీనికి రెండు మూడు రోజులు పడుతుంది. వయసులో వున్న ఆరోగ్యవంతురాలికి మొదటిసారి వచ్చిన మంటకు కల్చర్ లేకుండానే వైద్యులు మందు ఇవ్వవచ్చు. కాని జబ్బు తిరగబెట్టేవారికి, గర్భిణులకు, షుగరు వున్నవారికి, మగవారికి, పిల్లలకు, జ్వరం వున్నవారికి కల్చర్ తప్పనిసరి. మందు మొదలుపెట్టక ముందే మూత్రం ఇవ్వాలి.

మందు సరైనది, సరైనన్ని రోజులు

మూత్రాశయం వరకే వున్న జబ్బుకు పెద్ద మందులు అక్కరలేదు. నైట్రోఫ్యురాంటాయిన్ అనే మందు అయిదు రోజులు వాడితే చాలామందికి నయమవుతుంది. అన్నం తిన్న తర్వాత వేసుకోవాలి. మూత్రం ముదురు రంగులో వచ్చినా భయపడనక్కరలేదు. ఫాస్ఫోమైసిన్ అనే పొడి 3 గ్రాములు నీళ్లలో కలిపి ఒకేసారి తాగేది మరొకటి. మూత్రపిండాలు బలహీనంగా వున్నవారికి, నెలలు నిండిన గర్భిణులకు నైట్రోఫ్యురాంటాయిన్ ఇవ్వరు. కనుక ఏ మందు ఎవరికన్నది డాక్టరే చెప్పాలి. ఈ పేర్లు చీటీ మీద రాసుకొని షాపుకు పోవడానికి కాదు, డాక్టరును అడిగి తెలుసుకోవడానికి చెబుతున్నాము.

జరుగుతున్నది మరొక విధంగా వుంది. మంట అనగానే సిప్రోఫ్లాక్సాసిన్ వంటి గోలీలు రెండు రోజులకు కొనుక్కోవడం, మంట తగ్గగానే మానేయడం అలవాటయింది. చావకుండా మిగిలిన క్రిములు ఆ మందుకు రాటుదేలుతాయి. ఒకే పురుగుమందు తక్కువ మోతాదులో మళ్లీ మళ్లీ కొడితే పత్తిలో పురుగు ఎట్లా మొండికెత్తిందో రైతుకు చెప్పనక్కరలేదు. ఇక్కడా అదే సూత్రం. మన దేశంలోని పెద్ద ఆసుపత్రుల లెక్కల్లో సగానికి మించి ఈ-కోలై క్రిములు సిప్రోఫ్లాక్సాసిన్‌కు లొంగడం లేదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయానికి అధిపతిగా వున్నప్పుడు, 1948లో ఆరియోమైసిన్ వెలువడింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు అది. అటువంటి మందులు కూడా ఇష్టారాజ్యంగా వాడినందువల్ల అనేక క్రిముల మీద పదును కోల్పోయాయి. అనేక యాంటీబయాటిక్‌లను చీటీ లేకుండా అమ్మరాదనీ, అమ్మినవి రిజిస్టరులో రాయాలనీ 2014 మార్చి నుంచి నిబంధన వుంది. అమలు ఎట్లా వుందో షాపుకు పోయిన ప్రతివారికీ తెలుసు.

పల్లెల్లో అర్ధరాత్రి పిలిస్తే పలికేది ఆరెంపీ డాక్టరే. ఆ సంగతి కాదనలేము. అయితే ‘సూదేస్తేనే పోతది’ అన్న నమ్మకం మాత్రం ప్రమాదకరం. జెంటామైసిన్, అమికాసిన్ వంటి సూదులు పరీక్ష లేకుండా మళ్లీ మళ్లీ వేస్తే మూత్రపిండాలూ, చెవులూ దెబ్బతింటాయి. నడుము నొప్పికని రోజూ మింగే నొప్పి గోలీలూ మూత్రపిండాలకు చేటే.

పల్లేరు కాయల కషాయం, బార్లీ నీళ్లు, సల్ల, కొబ్బరి నీళ్లు, బొడ్డులో ఆముదం – ఇవి మన ఇండ్లలో తరతరాలుగా వున్నవి. వీటిలో తాగేవన్నీ మూత్రం బాగా వచ్చేటట్టు చేస్తాయి. ఆ మేరకు మంచివే. షాపులో ఇచ్చే పుల్లటి సిరప్ మంటను తగ్గిస్తుంది గాని క్రిమిని చంపదు. రెండు రోజుల్లో నయం కాకపోతే ఇంటి వైద్యం మీదనే ఆధారపడరాదు.

వీరి విషయంలో మరింత జాగ్రత్త

గర్భిణికి మంట లేకుండానే మూత్రంలో క్రిములు వుండవచ్చు. వాటికి మందు ఇవ్వకపోతే నూటికి 20 నుంచి 35 మందికి మూత్రపిండాల ఇన్ఫెక్షన్ వచ్చే ప్రమాదం వుంది. నెలలు నిండకుండా కాన్పు కావడం, బిడ్డ బరువు తగ్గడం కూడా జరగవచ్చు. కనుక ఆశా కార్యకర్త, ఏఎన్ఎం చెప్పినప్పుడు మూత్ర పరీక్షకు వెనుకాడరాదు. చంటిబిడ్డకు కారణం తెలియని జ్వరం వస్తే మూత్రం కూడా చూపించాలి. షుగరు వున్నవారికి జబ్బు త్వరగా ముదురుతుంది. ముసలి మగవారికి ప్రొస్టేట్ గ్రంథి పెరిగి మూత్రం పూర్తిగా పోక క్రిములు చేరతాయి. వారికి ముందు ఆ అడ్డంకిని చూడాలి. మరొక మాట. గర్భిణులు కాని ముసలివారికి ఏ బాధా లేకుండా రిపోర్టులో మాత్రం క్రిములు కనబడితే సాధారణంగా మందు అవసరం లేదు. కాగితానికి కాదు, మనిషికి వైద్యం చేయాలి.

నీళ్లే సగం మందు

2018లో ప్రచురితమైన ఒక పరిశోధన ఇక్కడ చెప్పుకోదగినది. నీళ్లు తక్కువ తాగుతూ, ఈ జబ్బు తరచూ వచ్చే 140 మంది స్త్రీలను రెండు భాగాలు చేశారు. సగం మందిని రోజూ తాగేదానికి అదనంగా లీటరున్నర నీళ్లు తాగమన్నారు. ఏడాది గడిచేసరికి నీళ్లు పెంచినవారికి జబ్బు సగటున 1.7 సార్లు, పెంచనివారికి 3.2 సార్లు వచ్చింది. పైసా ఖర్చు లేని మందు దాదాపు సగం జబ్బును ఆపిందన్న మాట. అయితే ఆ స్త్రీలకు నీళ్లు తాగాక పోవడానికి చోటు వుంది. మన కూలితల్లికి నీళ్లు తాగమని చెప్పి, ఆ చోటు చూపకపోతే ఆ సలహాకు విలువేమిటి?

చట్టం ఎక్కడ ఆగింది?

1948 ఫ్యాక్టరీల చట్టం పనిచోట మూత్రశాలలు వుండాలన్నది. 1951 తోటల కార్మికుల చట్టం తేయాకు, కాఫీ తోటల్లోనూ వుండాలన్నది. 1966 బీడీ, సిగారు కార్మికుల చట్టం కార్ఖానాల్లో వుండాలన్నది. బీడీ పని ఇండ్లకు చేరాక ఆ నిబంధన ఇంటి గడప దాటి రాలేదు. ఈ మూడు చట్టాలనూ 2020 నాటి కార్మిక కోడ్‌లో కలిపారు. వరి పొలానికి గోడ లేదు, గేటు లేదు. కనుక నిబంధనా లేదు. 2005 ఉపాధి హామీ చట్టం పని స్థలంలో తాగునీరు, పిల్లలకు నీడ, ప్రథమ చికిత్స పెట్టె వుండాలని రాసింది. నీళ్లు తాగమన్నది గాని, తాగినవాళ్లు ఎక్కడికి పోవాలో చెప్పలేదు. 2014 తర్వాత ఇండ్లలో మరుగుదొడ్లు కట్టారు. మంచిదే. కాని పగలంతా ఇంటికి దూరంగా పొలంలో వుండే మనిషికి ఇంటి మరుగుదొడ్డి సాయంత్రం దాకా అక్కరకు రాదు.

ఇది సాధ్యం కాని కోరిక కాదు. అమెరికాలో పొలం కూలీలు, ఎక్కువగా మెక్సికో నుంచి వచ్చినవారు, ఇదే కోరికతో 1972లో ప్రభుత్వానికి అర్జీ పెట్టారు. ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగి 1987లో సాధించారు. 11 మంది, అంతకు మించి కూలీలు చేతిపని చేసే పొలంలో 20 మందికి ఒక మరుగుదొడ్డి, చేతులు కడుక్కునే చోటు, పావు మైలు నడకలో వుండాలని నిబంధన వచ్చింది. తాగునీరు కూడా ఇవ్వాలన్నారు.

రెండెకరాల రైతు మీద ఈ భారం మోపమని మేము చెప్పడం లేదు. ఆయన భార్యా అదే మడిలో అదే ఓర్పుతో నాటు వేస్తున్నది. ఇది వూరు, పంచాయతీ, ప్రభుత్వం కలిసి చేయాల్సిన పని.

చేయదగినవి

మోటారు కొట్టం పక్కన నాలుగు గుంజలు పాతి, పాత చీరలో, టార్పాలిన్ పట్టాలో కడితే చాటు అవుతుంది. దీనికి ఏ పథకం కోసమూ ఎదురుచూడనక్కరలేదు. నాటు రోజున ఒక క్యాను నీళ్లు, కడుక్కోవడానికి ఒక బిందె రైతు ఏర్పాటు చేయగలడు. గుత్త మాట్లాడేటప్పుడే సద్ది విరామం కాక పొద్దున ఒకసారి, పగటిపూట ఒకసారి జట్టంతా కలిసి ఆగే మాట కూడా మాట్లాడుకోవాలి. అందరూ ఒకేసారి ఆగితే ఎవరి సాలూ వెనకబడదు, ఎవరికీ సిగ్గూ వుండదు.

కాలువ గట్ల మీద, బండ్లబాటల కూడళ్ల వద్ద పంచాయతీలు మూత్రశాలలు కట్టాలి. వడ్ల కొనుగోలు కేంద్రాలలో కుప్పల కావలికి ఆడవారు రోజుల తరబడి వుంటారు. అక్కడ నీళ్లతో సహా మరుగుదొడ్డి వుండాలి. 2016లో కామారెడ్డి జిల్లా అయింది, 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలయింది. జిల్లా కేంద్రంలో వసతి వుంటే చాలదు. ఎల్లారెడ్డి, బాన్సువాడ వైపు పల్లెల నుంచి కూడా కల్చర్ పరీక్షకు మూత్రం సకాలంలో చేరే ఏర్పాటు వుండాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో నైట్రోఫ్యురాంటాయిన్ ఎప్పుడూ నిలవ వుండాలి. నాట్ల రోజుల్లో ఆరోగ్య సిబ్బంది సాయంత్రం పూట వాడలకు పోయి ఆడవారితో మాట్లాడాలి. పగలు పోతే ఇండ్లకు తాళాలే కనబడతాయి.

ఇక అక్కచెల్లెళ్లు చేసుకోగలవి. దాహం లేకున్నా గంటకోసారి నాలుగు గుక్కల నీళ్లు తాగాలి. మూడు నాలుగు గంటలకు మించి బిగబట్టరాదు. మలవిసర్జన తర్వాత ముందు నుంచి వెనక్కి కడుక్కోవాలి. భార్యాభర్తలు కలిసిన తర్వాత మూత్రం పోసుకోవాలి. ముట్టు గుడ్డలు వుతికి ఎండలోనే ఆరేయాలి. మంట రెండు రోజులు దాటితే ఆసుపత్రికి పోవాలి. రాసిన మందు రాసినన్ని రోజులు వాడాలి. అన్నదమ్ములు చేయవలసింది కూడా ఒకటి వుంది. ఇంటి ఆడమనిషి మంట అని చెప్పిన రోజు అనుమానపడకుండా, ఎగతాళి చేయకుండా, బండి తీసి దవాఖానకు తోలుకపోవాలి.